దీవి ఎవరిది? కోకోస్ దీవుల్లో ఐదు తరాల దొరల కథ

ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, మన విశాఖపట్నం దగ్గర వేలు పెట్టి, సముద్రం మీదుగా ఆగ్నేయం వైపు కిందికి జరుపుకుంటూ వెళ్లండి. సుమత్రా దీవిని ఎడమ చేతి వైపు వదిలేసి, భూమధ్యరేఖ కూడా దాటండి. అంతా నీలం రంగే కదా? ఇంకా కిందికి వెళ్లి బాగా జూమ్ చేస్తే అప్పుడు కనిపిస్తుంది, నీళ్లలో గుర్రపునాడా పడేసినట్టు ఒక సన్నటి తెల్ల గీత. అవే కోకోస్ దీవులు. కీలింగ్ దీవులని కూడా అంటారు. మొత్తం 27 పగడపు దీవులు. అన్నీ కలిపినా 14 చదరపు కిలోమీటర్ల నేల, అంతే. జనం ఉండేది రెండింటిలోనే, హోమ్ ఐలాండ్, వెస్ట్ ఐలాండ్. అందరినీ లెక్కేసినా ఇప్పుడు ఓ 600 మంది. మన దగ్గర ఒక మాదిరి అపార్ట్‌మెంట్‌లో అంతకంటే ఎక్కువ మంది ఉంటారు.

ఈ దీవులన్నీ ఒకే ఒక్క కుటుంబం సొంత ఆస్తి. 1827లో వచ్చి స్థిరపడిన కుటుంబం, 1978 దాకా, ఐదు తరాలు. ఇల్లు, పొలం అని కాదండి. దీవికి దీవే వాళ్లది. చెట్టు వాళ్లది, చెట్టు మీద కాయ వాళ్లది, ఆ కాయ ఒలిచేవాడి ఇల్లు వాళ్లది, వాడికి ఇచ్చే డబ్బు కూడా వాళ్లు తయారుచేసిందే. మన దగ్గర జమీందారీలు రద్దు చేస్తూ మద్రాసు ప్రభుత్వం చట్టం తెచ్చింది 1948లో. ఆ తర్వాత ఇంకో 30 ఏళ్లు ఈ జమీందారీ నడిచింది, అదీ చివరి 23 ఏళ్లు ఆస్ట్రేలియా లాంటి ప్రజాస్వామ్య దేశం జెండా కింద.

కుటుంబం పేరు క్లూనీస్ రాస్. పేపర్లు వాళ్లని కోకోస్ రాజులని రాసేవి. నిజానికి వాళ్లు రాజులేం కాదు. స్కాట్లాండ్‌కి ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో పుట్టిన ఒక ఓడ కెప్టెన్ సంతానం.

సెట్లర్ అన్న మాట మనకి కొత్తేం కాదు. నిజామాబాద్ వైపు వెళ్తే, కృష్ణా గుంటూరు జిల్లాల నుంచి వచ్చి కాలవ కింద భూములు కొనుక్కున్నవాళ్లని ఇప్పటికీ సెట్లర్లనే అంటారు, వాళ్ల ఊళ్లని క్యాంపులంటారు. మూడు తరాలు గడిచినా ఆ పేరు పోలేదు. కానీ అక్కడ ఆల్రెడీ ఊళ్లున్నాయి, మనుషులున్నారు. కోకోస్ సంగతి వేరు. అక్కడ మొదట్లో ఎవరూ లేరు. 1609లో ఈస్టిండియా కంపెనీ కెప్టెన్ విలియం కీలింగ్ ఓడ మీంచి చూసి వెళ్లిపోయాడట. తర్వాత 200 ఏళ్లకి పైగా కొబ్బరి చెట్లు, పీతలు, పక్షులు, అంతే. అంటే ఆ దీవుల్లో స్థానికులు అనేవాళ్లే లేరు, అందరూ వచ్చినవాళ్లే. మరి అందరూ వచ్చినవాళ్లే అయితే, ఒక్కళ్లే ఓనర్ ఎలా అయ్యారు? ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే.

మొదట వచ్చింది అసలు రాస్ కాదు. అలెగ్జాండర్ హేర్ అనే ఇంగ్లీషు వ్యాపారి. విచిత్రమైన మనిషి. జావా కొన్నాళ్లు బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉన్నప్పుడు, సింగపూర్ స్థాపించిన రాఫిల్స్ ఉన్నాడు చూశారూ, ఆయనతో స్నేహం ఉండేది. ఆ పరిచయం మీద బోర్నియోలోని బంజర్‌మాసిన్‌లో రెసిడెంట్ పదవి సంపాదించి, అక్కడ చిన్న సైజు రాజ్యమే పెట్టుకున్నాడు. డచ్చి వాళ్లు తిరిగొచ్చాక వెళ్లగొట్టారు. అక్కడా ఇక్కడా తిరిగి, 1826లో తన మనుషుల్ని తీసుకుని కోకోస్ చేరాడు. తన మనుషులంటే చాలామంది బానిసలే, అందులో ఆడవాళ్లు కూడా. బోర్నియో, జావా, బాలి, సెలెబెస్, ఇలా రకరకాల చోట్ల నుంచి వచ్చినవాళ్లు. ఒక్క భాష కాదు, ఒక్క ఊరు కాదు. వీళ్ల పిల్లల పిల్లలే ఈ రోజు కోకోస్ మలయ్‌లు.

జాన్ క్లూనీస్ రాస్ అంతకుముందు ఈ హేర్ దగ్గరే కెప్టెన్‌గా పనిచేశాడు. 1825లో ఒకసారి దీవుల దగ్గర ఆగి, బాగున్నాయే అనుకుని, ఇంటికెళ్లి, భార్యాపిల్లల్ని, కొంతమంది నావికుల్ని వెంటబెట్టుకుని 1827లో దిగాడు. చూస్తే పాత యజమాని ఆల్రెడీ అక్కడ కూర్చుని ఉన్నాడు! ఇక గొడవలు మామూలుగా లేవు. హేర్ దగ్గర ఆడవాళ్లు, రాస్ దగ్గర పెళ్లికాని నావికులు. హేర్ తనవాళ్లని కాపాడుకోవడానికి ఒక బుల్లి దీవిలోకి మార్చాడని, అందుకే దానికి ప్రిజన్ ఐలాండ్ అని పేరొచ్చిందని చెబుతారు. కాపాడుకోవడం అన్నాను గానీ, ఎవరి నుంచి ఎవర్ని అన్నది ఆ ఆడవాళ్లని అడిగితే తెలిసేది. వాళ్ల మాట ఎవరూ రాసిపెట్టలేదు.

హేర్ మనుషులు ఒక్కొక్కరే రాస్ వైపు వచ్చేశారు. 1831లో హేర్ దీవులు వదిలి వెళ్లిపోయాడు. ఇది గుర్తుపెట్టుకోండి. ఇద్దరు దొరల గొడవలో ఎవరు గెలవాలో తేల్చింది కూలీలు. వాళ్లు అటు నుంచి ఇటు నడిచి రాకపోతే రాస్ చేతిలో ఏమీ ఉండేది కాదు. కొబ్బరి చెట్టుకి ఓనర్ ఎవరైనా, కాయ ఒలిచే చేతులు లేకపోతే అది ఉత్త చెట్టే కదా.

ఆ తర్వాత ఐదేళ్లకి, 1836 ఏప్రిల్‌లో, ఒక ఓడ వచ్చి ఆగింది. పేరు బీగిల్. అందులో 27 ఏళ్ల కుర్రాడు చార్లెస్ డార్విన్. పగడపు దీవులు ఎలా పుడతాయి అన్న తన సిద్ధాంతానికి అతను దగ్గరగా చూసి పరిశీలించిన పగడపు వలయం ఇదే. పాత అగ్నిపర్వతం మెల్లగా మునిగిపోతుంటే, దాని అంచున పగడం పైకి పెరుగుతూ ఉంటుంది, చివరికి కొండ మాయమై ఉంగరం మిగులుతుంది, ఇదీ థియరీ. సైన్స్ పుస్తకాల్లో ఆ సంగతే ఉంటుంది. కానీ డార్విన్ ఇంకొకటి కూడా గమనించి రాసుకున్నాడు. ఇక్కడి మలయ్‌లు పేరుకి స్వేచ్ఛగానే ఉన్నారు, వాళ్లని చూసుకునే తీరు కూడా అలాగే ఉంది, కానీ మిగతా చాలా విషయాల్లో వాళ్లని బానిసలుగానే లెక్కేస్తున్నారని. పన్నెండు రోజులు కూడా పూర్తిగా లేడు. అయినా కనిపించింది.

ఇక కాగితాల సంగతి. ఇక్కడ కొంచెం నవ్వొచ్చే కథ ఉంది. 1857లో ఒక బ్రిటిష్ యుద్ధనౌక వచ్చి ఈ దీవులు మావి అని జెండా పాతింది. అసలు వాళ్లు ఆక్రమించాల్సింది మన అండమాన్ దగ్గరున్న కోకో దీవుల్నట. పేర్లు దగ్గరగా ఉండేసరికి పొరపాటున ఇక్కడికొచ్చారని చాలామంది చరిత్రకారులు చెబుతారు. లొకేషన్ తప్పు పెట్టుకుని వేరే వాళ్లింటికి వెళ్లిన డెలివరీ బాయ్ గుర్తొస్తే నా తప్పు కాదు.

అసలైన కాగితం 1886లో వచ్చింది. విక్టోరియా రాణి ప్రభుత్వం ఈ దీవులన్నిటినీ మూడో తరం వాడు జార్జ్ క్లూనీస్ రాస్‌కీ, అతని వారసులకీ శాశ్వతంగా రాసిచ్చింది. ప్రజావసరాలకి కావాలంటే వెనక్కి తీసుకునే హక్కు మాత్రం ఉంచుకుంది. అప్పటికి అక్కడ మలయ్‌లు వచ్చి 60 ఏళ్లు. చెట్లు నాటింది, బావులు తవ్వింది, పడవలు కట్టింది, తుఫాన్లొచ్చినప్పుడు పడిపోయినవి మళ్లీ నిలబెట్టింది వాళ్లు. వాళ్లలో ఒక్కళ్ల పేరు కూడా ఆ దస్తావేజులో లేదు. లండన్‌లో రాసిన కాగితం, ఒక ఇంటి పేరు, అంతే.

అయితే ఇక్కడ కథని మరీ నలుపు తెలుపుగా చూడకండి. ఆ కుటుంబం వేరుగా కోటలో కూర్చున్నది కాదు. రెండో తరం, మూడో తరం రాస్‌లు మలయ్ అమ్మాయిలనే పెళ్లి చేసుకున్నారు. అంటే రాణి ఎవరికైతే దీవులు రాసిచ్చిందో ఆ జార్జ్ తల్లి మలయ్ ఆవిడే. పిల్లల్ని స్కాట్లాండ్ పంపి చదివించేవాళ్లు, తిరిగొచ్చాక ఇంట్లో మలయ్ మాట్లాడేవాళ్లు. జనం వాళ్లని తువాన్ అని పిలిచేవాళ్లు. తువాన్ అంటే మన భాషలో దొర. మనలో కొందరికి ఈ మాట వింటేనే ఒక రకంగా ఉంటుంది, ముఖ్యంగా తెలంగాణ పల్లెల్లో తాతల దగ్గర కథలు విన్నవాళ్లకి.

కోకోస్ మలయ్‌ల దగ్గర ఇంకో ముచ్చటైన అలవాటుంది. మొదటి బిడ్డ పుట్టాక తల్లిదండ్రుల పేరు మారిపోతుంది. ఫలానా వాడి నాన్న, ఫలానా వాడి అమ్మ అనే పిలుస్తారు. మనవడు పుడితే ఫలానా వాడి తాత. మన ఊళ్లలో కూడా "ఒరేయ్, పెద్దోడి నాన్నా" అని పిలుస్తారు కదా, అలా. కాకపోతే అక్కడ అదే అసలు పేరైపోతుంది. అంటే అక్కడ మనిషి పేరు వెనక్కి కాదు, ముందుకి చూస్తుంది, తాతల వైపు కాకుండా పిల్లల వైపు. దొరల ఇంట్లో మాత్రం జాన్, జార్జ్, మళ్లీ జాన్, మళ్లీ జాన్. ఆస్తి ఉన్న ఇంట్లో పేరు వెనక్కే చూడాలి మరి.

పని ఏంటంటే కొబ్బరి. కోనసీమ వాళ్లు ఈ వీడియో చూస్తుంటే వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కాయ ఏరడం, ఒలవడం, పగలగొట్టడం, ఎండబెట్టడం, ఎండు కొబ్బరి చేసి ఓడెక్కించడం. సబ్బులకీ, నూనెకీ ప్రపంచమంతా అప్పట్లో ఎండు కొబ్బరికి గిరాకీ ఉండేది. మనకైతే అంబాజీపేట మార్కెట్‌లో ఈ వ్యాపారి రేటు నచ్చకపోతే పక్క వ్యాపారి దగ్గరికెళ్తాం. అక్కడ పక్క వ్యాపారే లేడు. కొనేవాడు, పని చెప్పేవాడు, జీతమిచ్చేవాడు, కొట్టు నడిపేవాడు, తగాదా వస్తే తీర్పు చెప్పేవాడు, అందరూ ఒక్కడే.

ఆ జీతం ఎలా ఇచ్చేవాళ్లో చూడండి. కోకోస్ రూపాయి అని ఒకటుండేది. అవును, రూపాయే! హిందూ మహాసముద్రం చుట్టూ రూపాయి అనే మాట ఎంత దూరం వెళ్లిందో చూశారా. కాకపోతే ఇది ఏ ప్రభుత్వమూ ముద్రించింది కాదు. మొదట గొర్రె తోలు మీద రాసిన నోట్లు, తర్వాత ప్లాస్టిక్ బిళ్లలు. చిన్నప్పుడు జాతరలో రంగులరాట్నం ఎక్కడానికి బిళ్లలిచ్చేవాళ్లు గుర్తుందా, ఆ టైపు. ఆ బిళ్లలు చెల్లేది కుటుంబం నడిపే కంపెనీ కొట్లో మాత్రమే. బియ్యం అక్కడే, బట్ట అక్కడే, కిరోసిన్ అక్కడే. అంటే కుటుంబం చేత్తో ఇచ్చిన జీతం కొన్నాళ్లకి మళ్లీ కుటుంబం గల్లాపెట్టెలోకే.

ఇందులో మోసం ఎక్కడుంది, తిండి దొరుకుతోంది కదా అనొచ్చు. తిండి దొరికేది, నిజమే. కానీ ఒక మనిషి పదిహేనేళ్లు కష్టపడి ఒక డబ్బా నిండా బిళ్లలు దాచాడనుకోండి. ఆ డబ్బా పట్టుకుని సింగపూర్‌లో దిగితే అందులో ఉన్నది ఉత్త ప్లాస్టిక్. వాడి పదిహేనేళ్లు దీవి ఒడ్డు దాటవు. మన ఫోన్‌లో ఏదో యాప్ వ్యాలెట్‌లో క్యాష్‌బ్యాక్ పాయింట్లు ఉంటాయి, ఆ యాప్ బయట వాటికి విలువ ఉండదు. జీతం మొత్తం అలాగే వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

దానికి తోడు ఇంకో రూలు. నా లెక్కలో ఈ మొత్తం కథలో అసలు విషయం ఇదే. దీవి వదిలి వెళ్లాలనుకుంటే వెళ్లొచ్చు, ఎవరూ కాళ్లు కట్టెయ్యరు. కానీ ఒకసారి వెళ్తే తిరిగి రానివ్వరు. పండక్కి కాదు, పెళ్లికి కాదు, తల్లి పోయినా కాదు. అంటే తలుపు తెరిచే ఉంది, కానీ ఒక వైపే. ఇప్పుడు మనలో సగం మంది హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, దుబాయ్‌లోనో ఉంటాం, సంక్రాంతికి బస్సు టికెట్ల కోసం కొట్టుకుంటాం. వెళ్లాక మళ్లీ ఊరికి రావొచ్చు అన్న ధైర్యం ఉంటేనే మనిషి ఊరు వదలగలడు. ఆ ధైర్యం తీసేస్తే, గోడ కట్టక్కర్లేదు, కాపలా పెట్టక్కర్లేదు.

కుటుంబం వైపు మాట కూడా వినాలి. వాళ్లేమనేవాళ్లంటే, ఇక్కడ నిరుద్యోగం లేదు, అందరికీ ఇల్లుంది, జబ్బు చేస్తే మందుంది, దొంగతనాలు లేవు, బయటి ప్రపంచం వచ్చి పడితే ఈ చిన్న సమాజం తట్టుకోలేదు, అందుకే కట్టుదిట్టం. ఇందులో నిజం లేకపోలేదు. అప్పటి బోర్నియో, మలయా తోటల్లో కూలీల బతుకుతో పోలిస్తే కోకోస్‌లో కడుపు నిండేది. ఐదో తరం వాడు జాన్ సెసిల్ క్లూనీస్ రాస్ చెప్పుల్లేకుండా, నడుముకి కత్తితో, అందరితో మలయ్‌లో మాట్లాడుతూ తిరిగేవాడని చూసినవాళ్లు రాశారు. దుర్మార్గుడైన దొర సినిమాలో సులువు. నిజంలో కష్టం ఏంటంటే, దొర మంచివాడు కావొచ్చు. మంచివాడైనా, రేపు ఆయన మనసు మారితే నీకు అడిగే చోటు లేదు.

సరే, మధ్యలో ఒక యుద్ధం కథ చెప్పాలి, ఎందుకంటే అది మన మద్రాసు నుంచి మొదలవుతుంది. 1914 సెప్టెంబర్ 22 రాత్రి ఎమ్‌డెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు హార్బర్ ముందుకొచ్చి గుళ్లు పేల్చింది. బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబడ్డాయి. అప్పుడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నిటికీ మద్రాసే రాజధాని. జనం భయపడి ఊరు ఖాళీ చేశారు. తమిళంలో గట్టిపిండం లాంటి మనిషిని ఇప్పటికీ ఎమ్‌డెన్ అంటారు, ఆ పేరుతో సినిమా కూడా వచ్చింది.

ఆ ఎమ్‌డెన్ తర్వాత ఎక్కడికెళ్లిందో మద్రాసు కథ చెప్పేవాళ్లు సాధారణంగా చెప్పరు. సరిగ్గా కోకోస్‌కే. 1901 నుంచి అక్కడ డైరెక్షన్ ఐలాండ్‌లో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ కేబుల్ స్టేషన్ ఉండేది. ఆస్ట్రేలియాకీ మిగతా ప్రపంచానికీ వార్తలు ఆ తీగ మీదే వెళ్లేవి. నవంబర్ 9న జర్మన్ సైనికులు దిగి స్టేషన్ పగలగొడుతుండగానే, ఆపరేటర్లు అప్పటికే ప్రమాదం అని సందేశం పంపేశారు. దగ్గర్లో ఉన్న ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ దూసుకొచ్చి ఎమ్‌డెన్‌ని చితక్కొట్టింది. ఒడ్డున మిగిలిపోయిన జర్మన్లు ఏం చేశారంటే, అక్కడ లంగరేసి ఉన్న ఆయేషా అనే తెరచాప ఓడ ఎక్కి పారిపోయారు. సుమత్రా చేరి, అక్కడి నుంచి అరేబియా ఎడారి మీదుగా ఇస్తాంబుల్ దాకా వెళ్లారు. ఆ ఆయేషా ఎవరిదనుకున్నారు? క్లూనీస్ రాస్‌లదే. దీవిలో ఓడ ఉంటే ఇంకెవరిదై ఉంటుంది!

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లెక్క మారింది. జనాభా 1,800 దాకా పెరిగింది, కొబ్బరి అంతమందిని పోషించలేకపోయింది. 1940ల చివర్లో, 50ల మొదట్లో వెయ్యి మందికి పైగా ఉత్తర బోర్నియో, క్రిస్మస్ ఐలాండ్, సింగపూర్‌లకి వలస వెళ్లిపోయారు. ఇప్పుడు మలేసియా సబా రాష్ట్రంలో, తవావు, లహద్ దాతు వైపు కోకోస్ వాళ్ల ఊళ్లున్నాయి. తిరిగి రానివ్వరని తెలిసి కూడా ఓడెక్కిన వాళ్ల పిల్లలు వాళ్లు. అన్న ఇక్కడ, తమ్ముడు అక్కడ, ఇలా చీలిపోయిన కుటుంబాలు ఎన్నో.

1955లో బ్రిటన్ దీవుల్ని ఆస్ట్రేలియాకి అప్పగించింది. ఆస్ట్రేలియాకి కావాల్సింది వెస్ట్ ఐలాండ్‌లో విమానాల రన్‌వే. అక్కడ తెల్ల ఉద్యోగులు ఆస్ట్రేలియా జీతాలతో, ఫ్రిజ్‌లతో ఉండేవాళ్లు. సరస్సు లాంటి ఆ నీళ్లకి అవతలి ఒడ్డు హోమ్ ఐలాండ్‌లో ప్లాస్టిక్ బిళ్లలు. మధ్యలో పడవ ప్రయాణమంత దూరం. 20 ఏళ్లు ప్రభుత్వం ఆ నీళ్లవతలకి పెద్దగా చూడలేదు. 1974లో ఐక్యరాజ్యసమితి బృందం వచ్చి చూసి, ఇదేం పరిస్థితి అని విమర్శించాక గానీ కదలిక రాలేదు. 1978లో ప్రభుత్వం 62 లక్షల 50 వేల ఆస్ట్రేలియా డాలర్లిచ్చి దీవుల్ని కొనేసింది. ఓషియానియా హౌస్ అనే పెద్ద బంగళా, దాని చుట్టూ ఉన్న కొంచెం నేల మాత్రం కుటుంబానికి మిగిలాయి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. డబ్బు ఎవరికి వెళ్లింది? కాగితం మీద పేరున్నవాళ్లకి. 150 ఏళ్లు కాయ ఒలిచినవాళ్లకి ఆ చెక్కులో భాగం లేదు.

తర్వాత 1984 ఏప్రిల్ 6. ఐక్యరాజ్యసమితి పరిశీలకుల ముందు ఓటింగ్. స్వతంత్ర దేశం కావాలా, ఆస్ట్రేలియాతో వదులుగా ఒప్పందం పెట్టుకోవాలా, పూర్తిగా ఆస్ట్రేలియాలో కలవాలా? ఓటేసింది 261 మంది. కలుస్తామన్నవాళ్లు 229, ఒప్పందం అన్నవాళ్లు 21, స్వతంత్రం అన్నవాళ్లు 9. మన సర్పంచ్ ఎన్నికల్లో ఒక వార్డులో అంతకంటే ఎక్కువ ఓట్లు పడతాయి. కానీ 1886 కాగితంలో ఒక్క పేరు కూడా లేని జనం, తమ దీవి గురించి తమ చేత్తో మొదటిసారి గీత పెట్టింది ఆ రోజే.

కుటుంబం సంగతి అంత సాఫీగా ముగియలేదు. ప్రభుత్వం ఆ బంగళాని కూడా బలవంతంగా తీసుకోవాలని చూసింది. అసలు ఉద్దేశం పాత దొర దీవిలో లేకుండా చెయ్యడం. జాన్ సెసిల్ కోర్టుకెళ్లాడు. ఆస్ట్రేలియా హైకోర్టు, అంటే వాళ్ల అత్యున్నత కోర్టు, 1984లో ఆయన వైపే తీర్పిచ్చింది. ఒక మనిషిని వెళ్లగొట్టడం కోసం భూసేకరణ చట్టం వాడకూడదంది. కోర్టులో గెలిచాడు, వ్యాపారంలో ఓడిపోయాడు. ప్రభుత్వం ఆయన ఓడల కంపెనీకి పనులివ్వడం ఆపేసింది, దాంతో దివాలా తీశాడు. 1993లో బంగళా కూడా పోయింది. పెర్త్‌లో ఉండి 2021లో చనిపోయాడు. ఇక్కడ ప్రభుత్వం చేసింది నాకు నచ్చలేదు, చెప్పేస్తున్నా. 20 ఏళ్లు కళ్లు మూసుకున్నవాళ్లు, జనం ఓటేశాక, ఇక అధికారం ఏమీ లేని మనిషి మీద పగబట్టినట్టు చెయ్యడం అవసరమా? మీరేమంటారో కామెంట్స్‌లో రాయండి.

మరి మలయ్‌లు హ్యాపీనా? 1987లో ఎండు కొబ్బరి ఉత్పత్తి ఆగిపోయింది. గిట్టుబాటు కాలేదు. అందరికీ పని ఉండే దీవిలో మొదటిసారి పని లేనివాళ్లు కనిపించారు. దొరల కాలంలో ఇలా ఉండేది కాదని పెద్దవాళ్లు కొందరు అనడం మొదలుపెట్టారు. ఇది మనకీ తెలిసిన మాటే, మన ఊళ్లలో కూడా వినపడుతుంది. ఆ మాట అన్నవాళ్లని వెక్కిరించకూడదు, ఎందుకంటే వాళ్లకి పోయింది నిజంగానే పోయింది. కానీ ఆ మాట అంటున్నవాళ్ల పిల్లలు పెర్త్‌లో చదువుకుని, సెలవులకి విమానంలో ఇంటికొస్తున్నారు. తిరిగొస్తున్నారు, అది చూడండి. దీవుల భూమిలో ఎక్కువ భాగం ఇప్పుడు మలయ్‌ల మేలు కోసం స్థానిక కౌన్సిల్ చేతిలో ట్రస్టుగా ఉంది. పత్రం మీద ఒక ఇంటి పేరు లేదు.

రాస్‌ల వంశంలో వాళ్లు దీవుల్ని పూర్తిగా వదిలేయలేదు. బంగళా పోయాక కూడా కుటుంబంలోంచి అక్కడే ఉండిపోయినవాళ్లున్నారు, దొరలుగా కాదు, మామూలు ఇరుగుపొరుగుగా. నన్నడిగితే, 1827లో వచ్చిన కుటుంబం నిజంగా స్థిరపడింది అప్పుడే.

చివరగా ఒక చిన్న సంగతి. కోకోస్ మలయ్‌ల పెళ్లిళ్లలో దాన్సా అని ఒక డ్యాన్స్ ఉంటుంది, వయొలిన్ వాయిస్తారు. వాళ్లు ముస్లింలు, మాట మలయ్, కానీ అడుగులు చూస్తే స్కాట్లాండ్ అడుగులు. సబాకి వలస వెళ్లిన వాళ్ల ఊళ్లలో కూడా అదే డ్యాన్స్ ఉంది. యూట్యూబ్‌లో దాన్సా కోకోస్ అని కొట్టి చూడండి, కాసేపు బాగుంటుంది.

ఈ వారానికి ఇంతే. మీ ఊళ్లో కూడా ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ పాత కుటుంబం ఏదైనా ఉంటే, వాళ్ల పేరు రాయకుండా, వాళ్లతో పాటు వచ్చినవాళ్లు ఎవరో మాత్రం కనుక్కుని నాకు చెప్పండి. ఉంటాను మరి.